ముందు నీళ్లు, తర్వాత తేదీ

ఎస్సార్ నగర్, అమీర్‌పేట హాస్టళ్ల పిల్లలు శుక్రవారం సాయంత్రం టీకొట్టు దగ్గర నిలబడి జలపాతానికి ప్లాన్ వేస్తుంటారు. వింటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ముందు ఆదివారం ఖాయమవుతుంది. ఆ తర్వాత కారు. ఎప్పుడో ఎవరో తీసిన వీడియో చూసి జలపాతాన్ని ఎంచుకోవడం ఆఖరి పని. అక్కడ ఇప్పుడు నీళ్లున్నాయా అని ఒక్కరైనా అడుగుతారేమోనని చూస్తాను. అడగరు.

మా రోజుల్లో ముందు వాన, తర్వాతే తేదీ. మనది మెట్ట ప్రాంతం నాయనా! హైదరాబాద్‌లో ఏడాదికి పడేది దాదాపు 80 సెంటీమీటర్లు. అదీ ముప్పాతిక వంతు నాలుగు నెలల్లోనే కురిసి వెళ్లిపోతుంది. నల్లమలలో మల్లెలతీర్థం జలపాతం కూడా ఆ నాలుగు నెలల వానను నమ్ముకుని బతికేదే. మృగశిర చినుకులకు అక్కడ ఏమీ కదలదు. ఎండాకాలమంతా నోరు తెరుచుకున్న నేల ముందు తాను తాగాలి. పుష్యమి, ఆశ్లేషల్లో ముసురు పట్టాక వాగులు కదులుతాయి. అప్పుడు కూడా మేం వెళ్లేవాళ్లం కాదు. ఎర్రనీళ్లు ఉరికే వాగులో అడుగు ఎక్కడ వేస్తున్నామో కనబడదు. ఉత్తర కార్తె దాటి, వాన వెలిసి, నీళ్లు తేటపడ్డాక కదిలేవాళ్లం. అందం కూడా అప్పుడే. అడవి ఇంకా పచ్చగా ఉంటుంది, ఊటలు ఊరుతూనే ఉంటాయి. మార్చికల్లా ఆకు రాలిపోతుంది, రాతి మీద నాచు ఎండి నల్లగా మిగులుతుంది.

నీళ్లు తేటపడిన కబురు మాకెలా తెలిసేది? అడిగితే తెలిసేది. గౌలిగూడ బస్టాండుకు వెళ్లి శ్రీశైలం డ్రైవర్లను పట్టుకునేవాళ్లం. వారానికి ఎన్నిసార్లో ఆ దారిన తిరిగే మనుషులు. డిండి అలుగు పోస్తోందా, మన్ననూరు దాటాక వాగులు ఎలా ఉన్నాయి అని అడిగితే, బీడీ వెలిగించుకుని ఓపిగ్గా చెప్పేవాళ్లు. "ఇంకో వారం ఆగండి సార్" అంటే ఆగేవాళ్లం. ఆ మాట మీద ఎవరికీ కోపం వచ్చేది కాదు.

తెల్లవారకముందే మొదటి బస్సు. అడ్డాకుల్లో కట్టిన పులిహోర, మంచినీళ్ల క్యాను. నీళ్ల దగ్గరికే కదా అని ఖాళీ చేతులతో బయల్దేరితే, వటవర్లపల్లిలో దిగి ఎనిమిది కిలోమీటర్లు నడిచేసరికి నాలుక పిడచకట్టుకుపోయేది. వెంట తప్పకుండా ఒక చెంచు మనిషి ఉండేవాడు. ఏ బండ జారుతుందో, ఏ గుండం లోతో అతనికి తెలుసు. అతను వెనక్కి పోదాం అన్నాడంటే ఎదురుమాట ఉండేది కాదు. మధ్యాహ్నం తిండి కాగానే తిరుగుముఖం పట్టేవాళ్లం, పొద్దు వాలకముందే రోడ్డెక్కాలి గనక.

ఇప్పుడు కారు మెట్ల దాకా పోతుంది. మూడువందల పైచిలుకు మెట్లు దిగితే చాలు. కాళ్లు నొప్పి పుట్టకపోవడం తప్పని నేను అనను. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు కూడా చూడగలుగుతున్నారు, సంతోషం. నా బాధల్లా అడగడం మానేశారని. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లు వదలరని కూడా తెలుసుకోరు. అర్ధరాత్రి పంజాగుట్టలో బయల్దేరి, గేటు దగ్గర ఫారెస్టు వాళ్లతో వాదన పెట్టుకుంటారు. అది పులులు తిరిగే అడవి. రాత్రి దానిది.

అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. మనం నిలబడ్డచోట ఎండ కాస్తుండొచ్చు, గుట్ట అవతల గంటసేపు కుండపోత కురిసి ఉండొచ్చు. రాతినేల నీటిని పట్టి ఉంచదు, వాగు నిమిషాల్లో పొంగుతుంది. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్లిన దాదాపు 80 మంది, దారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోయారు. విపత్తు స్పందన దళం వెళ్లి వాళ్లను బయటికి తెచ్చింది. ఆ వారంలోనే అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. హైదరాబాద్ ఏడాది వానలో నూటికి ఎనభై వంతులు ఒక్క రోజులో! కుంటాల జలపాతం దగ్గర ఎందరు తల్లుల కడుపుకోత చూశామో లెక్క పెట్టలేను.

మాకు డ్రైవర్ మాట, రేడియో తప్ప ఇంకేమీ లేదు. వీళ్లకేం తక్కువ? వాతావరణ కేంద్రం అమీర్‌పేట పక్కనే, బేగంపేటలో ఉంది. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు జిల్లాలవారీగా చేతిలోని ఫోన్‌కే వస్తాయి. ఏ మండలంలో నిన్న ఎంత వాన పడిందో ఒక్క నిమిషంలో చూడొచ్చు. చూడరు! సినిమా టికెట్‌కు పదిసార్లు ఫోన్ తీసే పిల్లలు ప్రాణానికి ఒక్కసారి తీయరు.

ఈ మధ్య ఆ టీకొట్టు దగ్గర ఆగి ఈ మాటలన్నీ చెప్పాను. ఒకమ్మాయి విసుక్కోకుండా విని, "అయితే ఎప్పుడు వెళ్లమంటారు తాతగారూ?" అంది. దసరా దాటనివ్వండి, పైన వాన వెలిసి నాలుగు రోజులు కానివ్వండి, వటవర్లపల్లి వాళ్లకు ఫోన్ చేసి నీళ్లు తేటపడ్డాయో లేదో కనుక్కోండి అన్నాను. ఆ రోజు బుధవారమైతే బుధవారమే సెలవు పెట్టమన్నాను. పులిహోర మా ఇంట్లో చేయిస్తానని కూడా చెప్పాను.