ఇంటిల్లిపాదీ రాసే పదో తరగతి

ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి చూస్తే పదో తరగతి పబ్లిక్ పరీక్ష అనేది పదిహేనేళ్ల విద్యార్థి ఆరు సబ్జెక్టులలో తాను నేర్చుకున్నదాన్ని ఏటా వేసవి మొదట్లో జవాబు పత్రం మీద రాసి చూపించే కార్యక్రమం. తెలుగు ఇళ్లలోని ఆచరణను బట్టి చూస్తే మాత్రం అది తల్లిదండ్రులు, నాయనమ్మ, మేనమామ, ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు, కేబుల్ కనెక్షన్ పీకేసి వెళ్లే కుర్రవాడు అందరూ కలిసి జూన్ నెలలోనే పీటల మీద కూర్చునే సామూహిక వ్రతం. అందులో విద్యార్థి వంతు చివర్లో వచ్చి కలం పట్టుకోవడమే. ఈ వ్రతంలో ఇంటివారు చేసే పనులన్నింటికీ కలిపి సహాయం అని పేరు. ఆ సహాయాన్ని కొంత ఓపికగా పరిశీలించినవారికి తేలే సంగతి ఏమిటంటే, చప్పుడు ఎక్కువగా ఉండే సహాయం వల్ల ఒరిగేది తక్కువ, నిజంగా పనికివచ్చే పనులు విసుగు పుట్టించేవి కావడం వల్ల వాటిని చేయడానికి ఇంట్లో ఎవరికీ తీరిక దొరకదు.

పరీక్ష స్వరూపం చూడటానికి అంత భయంకరమైనదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో సబ్జెక్టుకు 100 చొప్పున మొత్తం 600 మార్కులు, ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చే 15 నిమిషాలతో కలిపి 100 మార్కుల పేపరుకు సమయం 3 గంటల 15 నిమిషాలు. తెలంగాణలో రాతపరీక్షకు 80 మార్కులు, బడిలోనే వేసే అంతర్గత మార్కులు 20. కరోనాకు ముందు 11 పేపర్లుగా ఉన్న ఈ పరీక్షలో ఆ తరవాత పేపర్ల సంఖ్య తగ్గింది. 2020, 2021 సంవత్సరాలలో రెండు రాష్ట్రాలలోనూ అసలు పరీక్షే రద్దయింది. అప్పుడు రాయకుండానే గట్టెక్కిన పిల్లలు పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు గానీ, ఏడాది పొడుగునా దాచుకున్న సలహాలు వృథా అయిన పెద్దల దుఃఖం మాత్రం చెప్పనలవి కాదు. ఇంతటి పరీక్షకు రెగ్యులర్ విద్యార్థి కట్టే రుసుము 125 రూపాయలు. ట్యూషన్లకు, గైడ్లకు, బాదం పప్పుకు అయ్యే ఖర్చు పక్కన ఈ అంకెను పెట్టి చూస్తే, పరీక్షను ప్రభుత్వం దాదాపు ఉచితంగానే పెడుతోందనీ, భయాన్ని మాత్రం కుటుంబాలు సొంత ఖర్చుతో సమకూర్చుకుంటున్నాయనీ అర్థమవుతుంది.

వరుసలో మొదట వచ్చేది నామినల్ రోల్. పరీక్ష రాయబోయే విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, గుర్తింపు చిహ్నాలు మొదలైన వివరాలతో పాఠశాల పరీక్షల విభాగానికి పంపే జాబితాను నామినల్ రోల్ అంటారు. గుర్తింపు చిహ్నాలు అంటే ఒంటి మీద ఉన్న రెండు పుట్టుమచ్చలు. పదిహేనేళ్లుగా కళ్లలో పెట్టుకుని పెంచిన బిడ్డకు రెండో పుట్టుమచ్చ ఎక్కడుందో తమకు తెలియదని తల్లిదండ్రులు గ్రహించేది ఈ ఘట్టంలోనే. మోచేతులు, మెడ, చెవి వెనక భాగం వరసగా వెతికాక కూడా అది దొరకకపోతే చిన్నప్పుడు సైకిలు మీది నుంచి పడ్డప్పటి మచ్చకు పదోన్నతి కల్పించి ఫారం నింపేస్తారు. పుట్టుమచ్చల మీద ఇంత పరిశోధన జరిగే ఇంట్లోనే, పేరును ఇంగ్లీషు అక్షరాలలో ఎలా రాశారు, ఇంటిపేరు పూర్తిగా వేశారా లేక ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టారా, పుట్టిన తేదీలో నెల సరిగా పడిందా అనే విషయాలను ఎవరూ చూడరు, ఎందుకంటే సంతకం పెట్టాల్సిన తండ్రి ఆ సమయంలో క్రమశిక్షణ గురించి కొడుక్కి బోధిస్తూ ఉంటాడు. పదో తరగతి ధ్రువపత్రంలోని పుట్టిన తేదీనే ఆ తరవాత పాస్‌పోర్టుకూ ఉద్యోగానికీ ఆధారంగా చూపాల్సి వస్తుంది. ప్రభుత్వోద్యోగి ఏ రోజున పదవీ విరమణ చేయాలో కూడా ఆ తేదీయే తేలుస్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువారిలో ఇంటిపేరు ముందుండాలో వెనక ఉండాలో తేలక కాగితాల చుట్టూ తిరిగినవారి కష్టానికి మూలం వెతికితే, అది చాలాసార్లు ఏదో ఒక బడిలో ఎవరూ సరిచూడని ఈ జాబితా దగ్గరే తేలుతుంది.

సంక్రాంతి దాటాక ఇంట్లో అత్యవసర పరిస్థితి అమలులోకి వస్తుంది. టీవీ మూగబోతుంది, బంధువుల రాకపోకలు తగ్గుతాయి, పెళ్లి శుభలేఖలు వచ్చినప్పుడు "మావాడిది పదో తరగతి వదినా" అనే ఒక్క మాటతో తల్లి మొత్తం కుటుంబానికి మినహాయింపు సంపాదిస్తుంది. నిజానికి ఆమె ఆ పెళ్లికి వెళ్లకుండా ఉండటానికి కారణం మూడేళ్లుగా వెతుకుతున్నదే. ఈ నిషేధాలు విద్యార్థికి వర్తించినంత ఖచ్చితంగా తండ్రికి వర్తించవు. పరీక్షల కాలమూ ఐపీఎల్ క్రికెట్ కాలమూ ఒకటే కావడం వల్ల, శబ్దం పూర్తిగా తగ్గించి చూస్తే చదువుకు అంతరాయం కలగదనే సిద్ధాంతం చాలా ఇళ్లలో రూపొందింది. వికెట్ పడినప్పుడు తండ్రి ఆపుకోలేక వేసే కేకతో పక్క గదిలోని విద్యార్థికి స్కోరు ఎప్పటికప్పుడు తెలిసిపోతూనే ఉంటుంది.

ఇక సలహాదారుల విషయం. కిరసనాయిలు దీపం దగ్గర చదువుకున్నామని చెప్పే తరం వయసురీత్యా తగ్గిపోతున్నా ఆ దీపం మాత్రం ఆరలేదు; దాన్ని ఎన్నడూ చూడని మేనమామలు కూడా ఇప్పుడు దాని వెలుగులోనే మాట్లాడుతున్నారు. వీరందరి ఉపదేశానికి సారమైన వాక్యం "ఈ ఒక్క ఏడాది కష్టపడితే చాలు" అన్నది. ఇదే వాక్యాన్ని ఇంటర్ మొదటి సంవత్సరంలోనూ, రెండో సంవత్సరంలోనూ, ఎంట్రన్సుల ముందూ, ఇంజనీరింగులో ప్రాంగణ నియామకాల ముందూ మార్పు లేకుండా ప్రయోగిస్తారు కాబట్టి ఇందులోని "ఒక్క ఏడాది" కాలప్రమాణం కాదని, ఒక దీవెన మాత్రమేనని అర్థం చేసుకోవాలి. ప్రైవేటు కాలేజీల తరఫున ఇంటింటికీ తిరిగే పీఆర్వోలు, అంటే అడ్మిషన్లు కుదిర్చే ఉద్యోగులు, పదో తరగతి పరీక్ష ఇంకా రెండు నెలలు ఉండగానే గుమ్మంలో నిలబడి ఎంపీసీనా బైపీసీనా అని అడుగుతారు. చదువుతున్న తరగతి తప్పితే ఏమిటన్న ఆందోళనతో ఉన్న పిల్లవాడికి, చేరబోయే కాలేజీలో ఏసీ ఉందో లేదో ముందుగా తెలియడం వల్ల కలిగే ఊరట ఎంతటిదో ఊహించుకోవలసిందే.

పుస్తకాల సంగతికి వస్తే పాఠ్యపుస్తకం ఒక్కటే ఉచితంగా దొరుకుతుంది గనుక దానికి గౌరవం తక్కువ. దాని స్థానంలో గైడు, ఆల్ ఇన్ వన్, క్వశ్చన్ బ్యాంకు, బిట్ల పుస్తకం వచ్చి చేరతాయి, వీటన్నింటికీ మించి "ఇంపార్టెంట్స్" అనే జాబితా ఒకటి చేతులు మారుతుంది. ఇంపార్టెంట్ అంటే పరీక్షలో తప్పక వస్తుందని ఎవరో ఎవరికో చెప్పిన ప్రశ్న. బడిలో ఇచ్చిన ఇరవై, ట్యూషన్‌లో ఇచ్చిన ముప్ఫై, పక్కవీధి స్నేహితుడి బడిలో వాట్సాప్‌కు పంపిన యాభై కలిపాక తేలేది ఏమిటంటే, పాఠ్యపుస్తకంలోని ప్రశ్నలన్నీ ఇంపార్టెంటే. ఇంత తిరిగి అక్కడికే చేరుకునే బదులు ప్రశ్నపత్రం నిర్మాణాన్ని ఒకసారి చూసుకోవడం మేలు: ఆంధ్రప్రదేశ్ గణితం పేపరులో 1 మార్కువి 12, 2 మార్కులవి 8, 4 మార్కులవి 8, 8 మార్కులవి 5 కలిపి 33 ప్రశ్నలు, చిన్న ప్రశ్నలకే 28 మార్కులు. పాత పేపరు ఒకటి తీసుకుని గడియారం ఎదురుగా పెట్టుకుని మూడు గంటలు ఇంట్లోనే రాయిస్తే ఏది రాదో బయటపడుతుంది. అందువల్లే ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇంటివారు చేయగలిగిన సహాయాలలో శాస్త్రం కూడా ఒప్పుకునేది ఒకటుంది, అది అప్పజెప్పించుకోవడం. పుస్తకం పెద్దవారి చేతికిచ్చి, చదివిన పాఠాన్ని పిల్లలు చూడకుండా చెప్పడమే అప్పజెప్పడం. 2006లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె ప్రచురించిన ప్రయోగాలలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికి ఐదు నిమిషాల తరవాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంటే, చదివినదాన్ని చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారికి వారం తరవాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంది. వీధిబడి అరుగు మీద బెత్తం పట్టుకున్న పంతులుగారికి ఈ సంగతి ముందే తెలిసినా ఆయన దాన్ని పత్రికలో అచ్చు వేయించలేదు. నేటి ఇళ్లలో అప్పజెప్పించుకోవడం తగ్గిపోయి, తెరిచిన పుస్తకం ముందు పిల్లవాడు కదలకుండా ఎంతసేపు కూర్చున్నాడన్నదే చదువుకు కొలమానంగా స్థిరపడింది. ఇంగ్లీషు మీడియం పుస్తకం తమకు అర్థం కాదని తల్లులు వెనకాడతారు గానీ, నిజానికి నాయనమ్మ కూడా ఈ పని చేయగలదు: "ఏదీ, ఆ కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటో నాకు తెలిసేలా చెప్పు నాయనా" అని అడిగితే చాలు, ఆ నాయనకు అది వచ్చో రాదో రెండో వాక్యంలోనే తేలిపోతుంది.

బడుల వైపు నుంచి అందే సహాయం ఇంత అలంకారప్రాయం కాదు. ప్రభుత్వ పాఠశాలల్లో ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు జరుగుతాయి. వెనకబడిన విద్యార్థులను ఒక్కో ఉపాధ్యాయుడికి కొందరి చొప్పున అప్పగించడాన్ని దత్తత అంటారు. కొన్ని జిల్లాల్లో ఉపాధ్యాయులే తెల్లవారుజామున ఫోను చేసి పిల్లలను నిద్ర లేపుతారు. ఆ ఫోనుతో ఇంట్లో అందరూ లేస్తారు, విద్యార్థి తప్ప. తెలంగాణ బడుల్లో సాయంత్రం తరగతులకు ఉడకబెట్టిన శనగలో, పల్లీలు బెల్లమో పెట్టే ఏర్పాటు ఉంది; ఆకలితో ఉన్న పిల్లవాడికి పైథాగరస్ సిద్ధాంతం ఎక్కదన్న సత్యాన్ని గుర్తించిన ఈ ఏర్పాటును, పబ్లిక్ పరీక్షలకు సంబంధించిన సంస్కరణలలో అత్యుత్తమమైనదిగా చెప్పడానికి సందేహించనక్కరలేదు.

మానవ ప్రయత్నం ముగిశాక దైవబలం రంగంలోకి వస్తుంది. బాసరలో సరస్వతీదేవి ఉండనే ఉంది. కోనసీమలోని అయినవిల్లిలో విఘ్నేశ్వరుడి ముందు కలాలకు పూజ చేసి పిల్లలకు పంచుతారు. హాల్ టికెట్ దేవుడి పటం ముందు పెట్టడం అంతటా ఉన్నదే, కానీ మరునాడు దాన్ని అక్కడి నుంచి తీసుకోవడం మరచిపోయేవారి కోసం ప్రత్యేకంగా ఏ దేవుడూ లేడు. పరీక్షనాడు నోట్లో పెరుగు చక్కెర పెట్టి, శకునం చూసి, ఎవరో తుమ్మితే ఆగి, మళ్లీ కాళ్లు కడుక్కుని బయలుదేరేసరికి 9.30 గంటల పరీక్షకు ఎనిమిదిన్నరకే చేరాలనుకున్నవారు తొమ్మిది ఇరవైకి చేరుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో హాల్ టికెట్ చూపిస్తే ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులో ఉచితంగా వెళ్లవచ్చు. ముందురోజు సాయంత్రం అదే దారిలో వెళ్లి కేంద్రం ఎక్కడుందో చూసివస్తే తుమ్ములకు కూడా కొంత వ్యవధి మిగులుతుంది. కేంద్రం దగ్గర జెరాక్స్ షాపులు మూయించి ఉంటాయి, 1997 నాటి చట్టం ప్రకారం కాపీకి సహకరించడం నేరం. సహాయాలలో చట్టం నిషేధించినది ఈ ఒక్కదాన్నే. సలహాల మీద ఇంతవరకు ఏ శాసనమూ రాలేదు.

పరీక్ష అయ్యాక గేటు దగ్గర జరిగే విచారణ వేరు. జవాబు పత్రానికి విడి కాగితాలు చేర్చి దారంతో కట్టే రోజుల్లో "ఎన్ని అడిషనల్స్ తీసుకున్నావు?" అన్న ప్రశ్నతోనే ప్రతిభ తేలిపోయేది, ఎనిమిది కట్టినవాడు ఐదు కట్టినవాణ్ణి జాలిగా చూసేవాడు. ఇప్పుడు 24 పేజీల బుక్‌లెట్టు ఇవ్వడంతో ఆ కొలమానం పోయి, ఎండలో నిలబడి బిట్లన్నీ సరిచూడటం ఒక్కటే మిగిలింది. అయిపోయిన పేపరులో పోయిన మూడు మార్కుల లెక్క తేల్చడం వల్ల మరునాటి పేపరులో ఇంకో మూడు పోతాయి. తినిపించి, కాసేపు పడుకోబెట్టడం ఆ పూటకు చాలు.

ఫలితాల నాడు ప్రశ్న మారుతుంది. గ్రేడ్ల కాలంలో పదికి పది రాకపోతే తప్పు, మార్కుల కాలంలో 590 వస్తే ఆ పది ఎక్కడ పోయాయన్నది తప్పు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 600కు 600 వచ్చాక 599 తెచ్చుకున్నవారికి కూడా సంజాయిషీ తప్పడం లేదు. తప్పినవారికి కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు జరుగుతాయి, వాటిలో గట్టెక్కితే అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. మనసు కుంగిన పిల్లలకైనా పెద్దలకైనా టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్లు తెలుగులోనే ఉచితంగా పలుకుతుంది. కనుక ఫలితాల రోజు ఉదయం పదకొండింటికే "మనవాడికెన్ని?" అని ఫోను చేయాలనుకునే బంధుమిత్రులందరికీ విన్నపం ఏమిటంటే, ఆ ఫోను వారం రోజులు ఆగి చేయండి, చేసినప్పుడు కూడా మార్కులు అడిగే ముందు భోజనం చేశాడా అని అడగండి.