చూపులకే చెరువు

మా మిత్రుడొకడు హైదరాబాద్‌లో పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. చెరువు కనపడే వైపు. రోడ్డు వైపు ఫ్లాట్ల కంటే చదరపు అడుక్కి నాలుగొందలు ఎక్కువ. గృహప్రవేశం నాడు పాలు పొంగీ పొంగకముందే వచ్చినవాళ్లందర్నీ బాల్కనీలోకి తోలుకెళ్లాడు. కింద ఎటు చూసినా పచ్చదనం. "లాన్ భలే పెంచారే" అన్నాను. "లాన్ కాదురా, అదే చెరువు" అన్నాడు. గుర్రపుడెక్క అంత ఏపుగా ఎదిగింది. ఇంతలో గాలి తిరిగింది. ఆడవాళ్లు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు, మగవాళ్లు ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి నడిచారు. మిత్రుడు తలుపు మూసి, ఏసీ వేసి, అద్దంలోంచి మళ్లీ చూపించాడు. "వ్యూ మాత్రం సూపర్."

మే నెల. బయట 42 డిగ్రీలు. వాడి పదేళ్ల కొడుకు అడగరాని మాట అడిగాడు: "నాన్నా, అందులో ఈత కొట్టొచ్చా?" అమ్మ, నాన్న, నాయనమ్మ ముగ్గురూ ఒకేసారి "ఛీ!" అన్నారు. ఆ పిల్లాడు ఇక జన్మలో చెరువు పేరెత్తడు.

ఈత కావాలంటే కింద స్విమ్మింగ్ పూల్ ఉంది. నాలుగడుగుల లోతు, నీలం టైల్స్. నైలాన్ బట్టలుంటేనే దిగనిస్తారు. సాయంత్రం గంటసేపు పిల్లలకు, ఆ తర్వాత గంట ఆడవాళ్లకు, సోమవారం సెలవు. ట్యాంకర్ రాకపోతే మంగళవారం కూడా. చెరువు ఒడ్డున ఇల్లు కట్టి, ట్యాంకరుతో నీళ్లు తెప్పించి, ఆ నీళ్లలో క్లోరిన్ కలిపి, అందులో పిల్లల్ని ముంచడం మన నగరానికే చెల్లింది.

మా ఊళ్లో మేనమామ నా నడుముకి ఎండు సొరకాయ కట్టి చెరువులోకి తోసినప్పుడు టైల్సూ లేవు, టైమింగులూ లేవు. మింగాల్సినన్ని నీళ్లు మింగాక చేతులు వాటంతటవే ఆడాయి. మూడోరోజు సొరకాయ విప్పేశాడు, నాకు చెప్పకుండా. శిఖం వైపు మోకాలి లోతు, కట్ట వైపు ఏనుగు లోతు, తూము దగ్గరికి పోకూడదు, మత్తడి దూకుతున్నప్పుడు అసలే పోకూడదు. ఊళ్లో ప్రతి పిల్లాడికీ ఈ లెక్క తెలుసు. ఇప్పుడు ఆ లెక్కా చెల్లదు. మట్టి కోసం జేసీబీలు తవ్విన గుంతలు శిఖం వైపే ఉంటున్నాయి. మోకాలి లోతనుకుని అడుగేస్తే తాటిచెట్టు లోతు. ఏటా ఎండాకాలం సెలవుల్లో క్వారీ గుంతల్లో, చెరువుల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు వస్తాయి. మర్నాడు అక్కడ "ఈత ప్రమాదకరం" అని ఒక బోర్డు లేస్తుంది. గుంత గుంతలాగే ఉంటుంది.

ఇంతకీ ఈ హైదరాబాద్ నీళ్లకు మొహం వాచిన ఊరేం కాదు. హుస్సేన్‌సాగర్ కుతుబ్‌షాహీల నాటిది. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి ఊరిని ఊడ్చేస్తే, మళ్లీ అలా జరక్కూడదని విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ లేచాయి. అవి తాగునీటి చెరువులు కాబట్టి వాటిలో దిగొద్దంటే న్యాయమే. మనం తాగే నీళ్లలో ఎవరో దూకాలని నేనూ కోరుకోను. 1996లో 111 జీవో తెచ్చి, ఆ రెండు చెరువుల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేశారు. 2022లో ఆ కళ్లెం తీసేస్తూ ఇంకో జీవో వచ్చింది. ఒంటి మీద పడకూడని నీళ్లు కంటి మీద పడితే ఎంత రేటు పలుకుతాయో అప్పటికే అందరికీ తెలిసిపోయింది మరి.

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. దేశం నలుమూలల నుంచీ కుర్రాళ్లు వస్తారు. ఏ నీళ్లలోనైనా పడవ బోల్తా కొడితే వెనకపడతారు. ఇక్కడ వెనకపడ్డాక డెట్టాల్ కూడా.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లకు తరగతులు కట్టింది. 'ఏ' అంటే క్రిములు చంపితే చాలు, తాగొచ్చు. 'బి' అంటే స్నానానికి, ఈతకి పనికొస్తుంది. దానికి వంద మిల్లీలీటర్లలో కోలిఫాం బ్యాక్టీరియా 500 దాటకూడదు, లీటరులో కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ (నీళ్లలోని మురికి కుళ్లడానికి ఖర్చయ్యే ఆక్సిజన్) 3 మిల్లీగ్రాములు మించకూడదు. 'సి' శుద్ధి చేసి తాగడానికి, 'డి' చేపలకి, 'ఇ' పొలాలకి, ఫ్యాక్టరీల్లో యంత్రాలు చల్లార్చడానికి. అక్కడితో ఆపేశారు. మన నగరాల అనుభవం ఉంటే ఇంకొకటి కలిపేవాళ్లు: 'వి' తరగతి. వ్యూ కోసం మాత్రమే. దీనికి కోలిఫాం లెక్క అక్కర్లేదు, ఆక్సిజన్ ఉంటే ఉంది, లేకపోతే లేదు. చేపలు తేలితే తెల్లవారకముందే తీసెయ్యాలి. రాత్రి రంగు లైట్లు పడితే తళుక్కుమనాలి. సెల్ఫీలో దుర్వాసన పడదు కాబట్టి వాసనకి పరిమితి లేదు. చుట్టూ నడకదారి, తీగల వంతెన, 'ఐ లవ్' అక్షరాలు తప్పనిసరి. ఈ పరీక్ష పెడితే మన చెరువులన్నీ డిస్టింక్షన్‌లో పాసవుతాయి.

మూసీ సంగతి చెప్పనక్కర్లేదు. దాన్ని థేమ్స్‌లా చేస్తామంటారు నాయకులు. పార్టీలు మారతాయి గానీ థేమ్స్ మారదు. నిజం చెప్పాలంటే పోలిక బాగానే కుదిరింది. లండన్ నడిబొడ్డున, పట్నీ వంతెన నుంచి క్రాస్‌నెస్ దాకా, అనుమతి లేకుండా థేమ్స్‌లో ఈత కొట్టకూడదని 2012 నుంచీ నిబంధన ఉంది. పడవల రద్దీ వాళ్ల కారణం. మనకి పడవల బాధ కూడా లేదు. 2024లో మనవాళ్లు సియోల్ వెళ్లి అక్కడి వాగునీ చూసొచ్చారు. చంగ్గేచాన్ అనే ఆ వాగులో పారే నీళ్లు చాలావరకు హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోసినవే. కరెంటుతో పారే ఏరు. మన లిఫ్టు పథకాల దేశానికి అది నచ్చకుండా ఎలా ఉంటుంది?

పారిస్ పేరు మాత్రం అంతగా వినపడదు, గమనించారా? సెన్ నదిలో 1923లో ఈత నిషేధించారు. నూరేళ్లు పోయాక, 2024 ఒలింపిక్స్ సాకుతో సుమారు 140 కోట్ల యూరోలు పోసి బాగుచేశారు. అందులో సింహభాగం కంటికి కనపడదు. జోరువాన పడినప్పుడు మురుగు నదిలోకి పొర్లకుండా ఆస్టర్లిట్జ్ స్టేషన్ పక్కన భూమి కింద 50,000 ఘనపు మీటర్ల తొట్టి తవ్వారు. భూమి కింది తొట్టి ముందు సెల్ఫీ ఎవరు దిగుతారు? మన దగ్గర ఇలాంటి పనికి ఏ రిబ్బను కట్ చేస్తారు? పని అయ్యాక 2024 జులై 17న ఆ ఊరి మేయరమ్మ ఆన్ ఇదాల్గో స్వయంగా నదిలో దిగి ఈదింది. మరుసటి వేసవిలో మూడుచోట్ల జనాన్నీ దింపారు. నీళ్ల పరీక్ష బాగా రాని రోజున ఎర్రజెండా కట్టి మూసేస్తారు.

పోటీ పడితే దీనితో పడాలి. మన దగ్గర డీపీఆర్ అనే ప్రాజెక్టు నివేదికలో అన్నీ ఉంటాయి, ఫలానా తేదీన ఫలానావారు దూకుతారన్న ముక్క తప్ప. రేపు ఎవరైనా మూసీ సుందరీకరణ అని మైకు పట్టుకుంటే, విలేకరులు బడ్జెట్ అడగడం మానేసి, "సార్, మీకు ఈత వచ్చా?" అని అడిగితే చాలు.

మూసీలో దిగకపోతే దాన్నుంచి తప్పించుకున్నట్టు కాదనుకోండి. నగరం దిగువన ఆ నీళ్లతోనే పశుగ్రాసం పెంచుతారు. ఆ గడ్డి గేదెలకి, గేదెల పాలు మన కప్పులోకి. ఈతకి పనికిరాదని ఛీ అన్నవాళ్లమే పొద్దున్నే రెండుసార్లు ఊది తాగుతున్నాం.

మొన్న మిత్రుడు ఫోన్ చేశాడు. ఫ్లాటు అమ్మేస్తున్నాడట. దోమలు, ఏసీ బిల్లు, భార్యకి దగ్గు. కొనడానికి ఎవరో దంపతులు వస్తున్నారు. "ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా రారా. బాల్కనీలో ఇద్దరు ముగ్గురం కూర్చుని టీ తాగుతూ కనపడితే బాగుంటుంది. తొమ్మిది దాటితే గాలి తిరుగుతుంది."

వెళ్లాను. బాల్కనీలో కొత్త వెదురు కుర్చీలు వేశాడు. టీ చిక్కగా ఉంది. వచ్చినావిడ కిందికి చూసి, "ఎంత పచ్చగా ఉందో" అంది. ఆయన రేటు దగ్గర బేరమాడుతున్నాడు. నేను గడియారం చూసుకున్నాను. ఎనిమిదీ యాభై.