విజయమా, నీ మహిమ చెప్పతరమా!

విజయమా! గోల్కొండ చెరలో రామదాసు తన రాముణ్ని నిలదీసిన చనువుతోనే నిన్ను స్తుతిస్తున్నాను. మంజీర పక్కన, బిచ్కుంద నల్లరేగడి మీద నిలబడి పలికే ఈ పొగడ్తలో అబద్ధం ఒక్కటీ లేదు, విను.

వైకుంఠం వాకిట్లో కావలి కాసే ఇద్దరూ నీ పేరు మోసినవాళ్లే, జయుడూ విజయుడూ. సనకాదులను లోపలికి పోనివ్వక శాపం తగిలించుకున్నారు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులై, రావణ కుంభకర్ణులై, శిశుపాల దంతవక్త్రులై తలా మూడు చావులు చచ్చారు. అంతా అయ్యాక తిరిగి దక్కింది అదే గుమ్మం. నీ పేరు పెట్టుకున్నవాళ్లకు నువ్విచ్చే కానుక అది. వ్యాసుడి భారతానికి తొలిపేరు జయమని పెద్దలంటారు. పద్దెనిమిది అక్షౌహిణులు కూలి, తల్లులూ భార్యలూ పీనుగుల మధ్య తమవాళ్లను వెతుక్కుంటున్న స్త్రీపర్వంలోనూ ఆ పేరు చెక్కుచెదరలేదు. ఏడ్పులకు చలించని నీ స్థైర్యానికి దండం.

నీ సమదృష్టి ఇంకా గొప్పది. 1687లో ఔరంగజేబు సైన్యం నెలల తరబడి గోల్కొండను చుట్టుముట్టినా లోపలికి పోలేకపోయింది. చివరికి లోపలివాడే ఒకడు డబ్బు తీసుకుని రాత్రివేళ తలుపు తీశాడు. ఆ తలుపే ఇవాళ ఫతే దర్వాజా, అంటే నీ దర్వాజా. గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో చివరిదాకా కొట్లాడాడు. వీరుడెవరు, అమ్ముడుపోయిందెవరు అని నువ్వు అడగలేదు, తలుపు తెరుచుకుంటే చాలునన్నావు.

ఇక మా మూల సంగతి. బిచ్కుందలో పొద్దున బయల్దేరితే ఎండ ఎక్కకముందే మద్నూర్ దాటి మహారాష్ట్రలో దెగ్లూరు చేరొచ్చు, జుక్కల్ దాటి కర్ణాటకలో ఔరాద్ పోవచ్చు. 1956 నవంబరు 1 దాకా ఇదంతా ఒకటే హైదరాబాద్ రాజ్యం. ఈ ముక్కలన్నిటికీ ఒకే రోజు నిజాం పాలన తప్పింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. ట్యాంకులతో, విమానాలతో నడిచిన ఆ దండయాత్రకు పెట్టిన పేరు పోలీస్ చర్య. మా ముసలోళ్ల నోట ఇప్పటికీ అది పోలీస్ యాక్షనే. ఎంత వినయం నీది! అంత పెద్ద యుద్ధం గెలిచీ ఠాణాలో జవాను చేసే పనిలా కనిపించావు.

ఆ వినయం ఎన్నాళ్లో లేదు. ఇప్పుడు అదే సెప్టెంబరు 17న దెగ్లూరులో మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం, ఔరాద్‌లో కల్యాణ కర్ణాటక ఉత్సవం. మా దగ్గర కేంద్రం జెండా కింద హైదరాబాద్ విమోచన దినం. రాష్ట్రం జెండా కింద 2022లో జాతీయ సమైక్యతా దినం, 2024లో ప్రజాపాలన దినోత్సవం. ఇవిగాక విలీనమనేవాళ్లు, విద్రోహమనేవాళ్లు ఉండనే ఉన్నారు. ఎవరు కుర్చీలో ఉంటే వాళ్ల నోటికి ఒదిగే మాటవైపోయావు. నీ విధేయతను మించింది లేదు.

ఇన్ని పేర్లలో ఒక్కటీ చచ్చిపోయినోళ్లది కాదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో నిజాం వైపు రజాకార్లు వరసగా నిలబెట్టి కాల్చి చంపిన రైతులున్నారు. సైన్యం వచ్చినంక బీదర్, నాందేడ్, ఉస్మానాబాద్, గుల్బర్గా జిల్లాల్లో ఊళ్లమీద పడి చంపిన ముస్లింలున్నారు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం రాజ్యంలో పలు జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది పోయి ఉంటారని లెక్క కట్టింది. ఆ నివేదికను దశాబ్దాలు బయటికి రానీయలేదు. నీ పండుగ పాడుకాకుండా కాపాడుకునే ఈ నేర్పు మరే మాటకుంది? రెండు వైపుల శవాలనూ ఒకే జెండాగుడ్డతో కప్పగలవు.

ప్రజాస్వామ్యంలోనూ నీ ఉదారత తగ్గలేదు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో మా జుక్కల్ స్థానంలో మొదటి ఇద్దరి మధ్య తేడా 1,152 ఓట్లు. అంత సన్నని గీత మీద కూడా నువ్వు నిండుగానే కూర్చోగలవు. ఒక్క ఓటు మిగిలినా అఖండమనో ఘనమనో విశేషణం అందుకుంటావు. నీ ఊరేగింపు డీజే పెట్టుకుని, గులాల్ చల్లుకుంటూ అవతలివాళ్లకు ఓటేసిన అరవై వేలమంది వాకిళ్ల ముందునుంచే పోతుంది. రోడ్డు వెయ్యమని అడగవలసింది వాళ్లూ వీళ్లూ కలిసే అని నీకు గుర్తుండదు.

అయితే నీవల్ల మేలు జరగలేదంటే పాపం. ఫలితాలు వచ్చిన కొన్ని వారాలకు విజయోత్సవ ఫ్లెక్సీ పొలానికి చేరుతుంది. అక్షరాలు కిందికి, తెల్లవైపు పైకి తిప్పి, నాలుగు మూలలా రాళ్లుంచి కంది కుప్ప మీద కప్పుతారు. మంచుకు కంది తడవదు. నీ మహిమల్లో నేను కళ్లారా చూసి ఒప్పుకునేది ఇదే.

అసలు ఆ రైతు నిన్నెన్నడూ పిలవడు. వానలు సరిగ్గా పడి సోయా, కంది ఇల్లు చేరితే "పంట చేతికచ్చింది" అంటాడు, అప్పు తీరితే "ఈయేడు గట్టెక్కినం" అంటాడు. ఆ మాటల్లో ఓడినవాడు లేడు. పక్క చేను మునగాలనే కోరికా లేదు.

నీ కోటలు వేరే ఉన్నాయి. ఫలితాల తెల్లారి పేపరు నిండా కాలేజీల ప్రకటనలు: విజయభేరి, విజయకేతనం, విజయదుందుభి. తపాలాబిళ్లంత ఫొటోలు, పక్కన మార్కులు. ఆ పేజీలో ఫొటో లేని పిల్లల లెక్క నీకక్కరలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లకు ఫెయిల్ అనేది ఒక పరీక్ష ఫలితంగా వినపడలేదు, బతుకే ఓడిపోయినట్టు వినపడింది. పదిహేడేళ్ల పిల్ల మీద దండెత్తగల నీ పరాక్రమానికి ఏ చక్రవర్తి సరిపోతాడు?

ఆసుపత్రి మంచం దాకా వచ్చావు కదా. కరోనాను జయించిన అవ్వ, క్యాన్సర్‌ను జయించిన నటి అని రాస్తుంటే అందరం సంతోషించాం. అదే పేజీ కిందుగా "మృత్యువుతో పోరాడి ఓడిన" అని ఇంకొకరి వార్త. ఆక్సిజన్ దొరకక పోయినవాడు ఏ యుద్ధంలో ఓడాడు? మందుకు డబ్బులు చాలని తల్లి ఎవరి చేతిలో ఓడింది? చికిత్స అందకపోవడాన్ని రోగి చేతగానితనంగా మార్చేశావు. నీ మీద నా కోపమంతా ఇక్కడిదే.

పేపర్లో వార్త రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫ్లెక్సీల మీద ఈ మాటను ఎవరూ ఆపలేరు, మీ చేతిలో ఉన్నది మాత్రం ఆపగలరు. బాగైన మనిషి గురించి బాగయ్యారని రాయండి. పోయిన మనిషి గురించి చనిపోయారని రాయండి, మందు అందక పోతే ఆ సంగతీ రాయండి. ఓడారని మాత్రం రాయకండి.