జాతిస్మర యంత్రము

పనికిరాని వస్తువును పాఱవేయుట రాజమహేంద్రవర వాస్తవ్యులకు సహజగుణము కాదు. 1900 నుండి రైళ్లను మోసిన హేవలాకు వంతెన 1997లో ఉద్యోగవిరమణము గావించినను, పని యంతయు కొత్త వంతెనయే చేయుచున్నను, ఎప్పుడైన నక్కఱపడునేమో యన్నట్లు గోదావరి నడుమ నేటికిని నిలిచియే యున్నది. సి డ్రైవులో చోటు లేదని ఎఱ్ఱగీత చూపి మొఱపెట్టిన నా కంప్యూటరును ఈ యూరి నీళ్లు త్రాగినదే కదా!

బాగుచేయ వచ్చిన కుర్రవాడు తెర వంక చూచి, "ఆయ్, ఇయ్యి మీరు దాచినయి కాదండీ, అది దాచుకున్నయండీ" అనెను.

విచారింపగా తెలిసినదేమనగా, 2000వ సంవత్సరపు విండోస్ మిలీనియం మొదలుకొని ఈ యంత్రములకు జాతిస్మరత్వ మబ్బినది. కొత్త డ్రైవరు గాని, అప్‌డేటు గాని లోనికి రాబోవునపుడు తన యప్పటి యవతారమును రిజిస్ట్రీతో సహా ఒక రిస్టోర్ పాయింటుగా భద్రపఱచి, వచ్చినది కీడుచేసినచో ఆ పూర్వజన్మలోనికి మరలిపోవుట దీని లక్షణము. ఇందులకై విండోస్ ఎక్స్‌పీ డిస్కులో నూటికి 12 వంతుల దాక మాన్యము వ్రాయించుకొనెడిది. ఆ చోటు నిండినపుడు ముందుగా తుడిచిపెట్టుకొనిపోవునది ముత్తాతలే. ఇంతవఱకు బాగే. కాని నా వ్రాతప్రతులో, మనుమరాలి అన్నప్రాశనపు ఫొటోలో చెఱిగిపోయినచో తెచ్చియిచ్చు పూచీ మాత్రము తనది కాదట! నా యింట నుండి, నా కరెంటు త్రాగుచు, ఇంతటి స్వార్థమా?

కుర్రవాడు సిస్టమ్ ప్రొటెక్షన్ తెఱచి కాన్ఫిగర్ నొక్కెను. అచ్చట నొక గీత, గీతపై నొక బొడిపె. కుడికి జరిపిన యంత్రమునకు, ఎడమకు జరిపిన నాకు లాభము. క్రిందనే డిలీట్ అను మీట. నా వ్రేలు దానిమీదికే పోయెను.

"ఆగండి గురువుగారూ! అది నొక్కితే ఒక్కటీ మిగలదండీ. డిస్క్ క్లీనప్‌లో మోర్ ఆప్షన్స్‌కెళ్తే ఆఖరిదొక్కటుంచి మిగతాయి తీసేద్దారండీ" అని వాడు నా చేయి పట్టుకొనెను. బేరసారముల యనంతరము 128 జీబీల డిస్కులో దానికి 5 శాతము, తక్కినది నాకు అని పంపకము కుదిరెను.

ఆ ఖాళీని కనిపెట్టినదో యేమో, ఆ రాత్రియే కొత్త విండోసు దిగి, పాతదానిని విండోస్.ఓల్డ్ అను పేర మూటగట్టి మూలను పెట్టెను. జీబీలకు జీబీలు హరించుకొనిపోయినవి. దీనినైన తీసివేయుదునా యని ఫోనులో నడిగితిని.

"తొందరెందుకండీ, పదోరోజెల్లాక అదే పోద్దండీ" అనెను.

దశాహము ముగిసినగాని ఇల్లు విడువని జీవిని తొందరపెట్టుట శాస్త్రసమ్మతము గాదు గనుక, మైల యని తలచి, ఆ పది దినములు నేను కొత్త ఫైలేదియు తెఱువలేదు.