పసుపు దీపానికి బొట్టుబిళ్ళ

కారుకి పికప్ పోయిందంటే ముందుగా చేయవలసిన పని ఇంకా గట్టిగా తొక్కడం. అప్పటికీ కదలకపోతే చెప్పు విప్పి తొక్కండి. చెప్పు విప్పితే పట్టు బాగా దొరుకుతుందని సఖినేటిపల్లి రేవులో కారుని పంటు ఎక్కిస్తూ మా తోడల్లుడు కనిపెట్టాడు. అంతర్వేది నరసింహస్వామి దర్శనం చేసుకుని నరసాపురం వెళుతున్నాం. ముందు చక్రాలు పంటు బల్ల మీద, వెనక చక్రాలు రేవు వాలులో ఉండగా ఇంజిన్ ఓసారి మూలిగి, మీటర్ల మధ్య పసుపు దీపం వెలిగింది. ఆపైన ఎంత తొక్కినా ఒకటే సణుగుడు. చివరికి జనం తోసి ఎక్కించారు. తోసినవాళ్ళకి సలహా చెప్పే హక్కు వస్తుంది కదండీ. అవతలి ఒడ్డు చేరేలోగా పంటు మీద ఎన్ని నోళ్ళున్నాయో మా కారుకి అన్ని రోగాలు తేలాయి. ఆ సలహాలకి, తర్వాత పదహారు వేలు పోసి నేను స్వయంగా సంపాదించుకున్నవి కూడా చేర్చి, రాజోలు చుట్టుపక్కల ఇంకెవరూ నాకంటే తక్కువ ఖర్చుతో బయటపడకూడదన్న సదుద్దేశంతో ఇక్కడ రాస్తున్నాను.

మీరు తెలుసుకోకుండా ఉండవలసిన సంగతి ఒకటుంది. మీ కాలికీ ఇంజిన్‌కీ మధ్య తీగ లేదు. అంబాసిడర్ రోజుల్లో ఉండేది. ఇక్కడ తొక్కితే అక్కడ కార్బురేటర్లో రేకు తెరుచుకునేది. తీగ తెగితే పురికొస కట్టుకుని ఇల్లు చేరిన ఘనులు కోనసీమలో ఊరికొకరున్నారు. (పంటు మీద అందరికన్నా గట్టిగా మాట్లాడేది వాళ్ళే.) 1980ల చివర్లో బీఎమ్‌డబ్ల్యూ తన ఖరీదైన కార్లలో తీగ తీసేసి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పెట్టింది. అది ఇప్పుడు మన చిన్నకార్ల దాకా వచ్చేసింది. ఇందులో మీరు పెడల్ తొక్కితే అర్జీ పెట్టుకున్నట్టు. పెడల్ దగ్గరి సెన్సార్ ఆ అర్జీని కంప్యూటర్‌కి పంపుతుంది. ఆయనగారు అన్నీ చూసుకుని మంజూరు చేస్తే, ఇంజిన్ గొంతు దగ్గర థ్రాటిల్ బాడీలో బుల్లి మోటారు తిరిగి, రేకు తెరుచుకుని, లోపలికి గాలి వెళుతుంది. గట్టిగా తొక్కడమంటే అదే అర్జీని పెద్ద అక్షరాలతో మళ్ళీ రాసివ్వడం. రాసివ్వండి. మా తోడల్లుడు నరసాపురం ఒడ్డు కనబడేదాకా రాశాడు.

ఈ కంప్యూటర్‌కి అనుమానం జాస్తి, ఒక్క సాక్షిని నమ్మదు. అందుకని పెడల్ దగ్గర ఇద్దరిని, థ్రాటిల్ దగ్గర ఇద్దరిని కూర్చోబెట్టారు. చాలా కార్లలో పెడల్ దగ్గరి రెండోవాడు, మొదటివాడు చెప్పిన వోల్టుల్లో సగం చెబుతాడు. థ్రాటిల్ దగ్గర ఒకడిది పెరుగుతుంటే ఇంకొకడిది తగ్గుతుంది, ఎప్పుడు కలిపి చూసినా ఇంచుమించు 5 వోల్టులు తేలాలి. తేలలేదో, పెద్దమనిషి పంచాయితీ ఎత్తేసి మోటారుకి కరెంటు ఆపేస్తాడు. అప్పుడు రేకు పూర్తిగా మూసుకుపోకుండా స్ప్రింగు కాస్త సందు ఉంచుతుంది. ఆ సందులోంచి వచ్చే గాలితో బండి మెల్లమెల్లగా ఇల్లు చేరుకోవచ్చు. ఎవరో ఇంజినీరు ముందుచూపుతో పెట్టిన దారి అది. మీరు మాత్రం అవమానంగా తీసుకోండి. కాలవ వంతెన ఎక్కుతుంటే వెనక కొబ్బరికాయల లోడు ట్రాక్టరు హారన్ కొడుతుంది. పౌరుషం ఉన్నవాడు ఆ సమయంలో పక్కకి తీసి ఆపుకోడు.

స్టీరింగ్ కింద, మోకాళ్ళ దగ్గర, ఒక సాకెట్ ఉంటుంది. వెయ్యి రూపాయల్లోపు దొరికే బ్లూటూత్ స్కానర్ అందులో గుచ్చి ఫోన్లో చూస్తే కారు తన బాధకి తానే నెంబరు వేసి చెబుతుంది. రోగే అంతా చెప్పేస్తే ఇక వైద్యుడి గొప్పేముంది? గుచ్చకండి. ఎవరైనా గుచ్చినా నెంబరు రాసుకోకండి, "పి అని ఏదో వచ్చిందండి" అంటే సరిపోతుంది. పి2135 అంటే థ్రాటిల్ దగ్గరి సాక్షులిద్దరికీ పొత్తు కుదరలేదని. పి2138 అంటే పెడల్ దగ్గరివాళ్ళకి కుదరలేదని. ఒకటి బానెట్ కింద, ఇంకొకటి మీ కాలి కింద. అయినా ఆ రెండు నెంబర్లకీ తేడా మూడే కదా. అంబాజీపేటలో కాయ అమ్ముకునేవాళ్ళం, మూడు కాయల దగ్గర పేచీ పెడతామా?

మా కారుకి వచ్చింది పి2135. షెడ్డులో (ఏ ఊరో చెప్పను, మనిషి మంచివాడే) ఆ నెంబరు చూడగానే, "థ్రాటిల్ బాడీ పోయిందండి. ఆయ్, మార్చేయడవేనండి" అన్నాడు. ఆ నెంబరు సాక్షుల మాటలు కలవలేదని మాత్రమే చెబుతుంది. అబద్ధం ఎవడాడాడో, అసలు ఇద్దరూ నిజమే చెబితే దారిలో ఆ మాట ఎక్కడ చెడిందో చెప్పదు. సాక్షుల్ని, వాళ్ళ మాట మోసుకొచ్చే వైర్లని, ఆ వైర్ల చివర కప్లర్లని, ఎర్తుని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే పూట పడుతుంది. సామాను మార్చడం గంటన్నర. మార్పించాను. దీపం ఆరింది. కొత్త సామాను డబ్బాకి ఇంటిల్లిపాదీ దణ్ణం పెట్టుకున్నాం. మూడో రోజు చించినాడ వంతెన మీద మళ్ళీ వెలిగింది.

ఇక్కడ తెలివైనవాడు చేయవలసింది మరో సామాను మార్చడం. పెడల్, ఆ తర్వాత కంప్యూటర్. ఈ వరసలో వెళితే కొన్నాళ్ళకి పాత నెంబరు ప్లేటు వెనక కొత్త కారు తయారవుతుంది.

మన గాలిని మాత్రం అనుమానించకండి. ఈ గాలికే కదా కొబ్బరి కాస్తోంది. అంతర్వేది వెళ్ళినప్పుడల్లా సముద్రానికి ఎదురుగా బానెట్ పెట్టి ఆపండి, బండికి ఉప్పుగాలి మంచిది. కప్లర్ లోపల రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టిందని ఎవరైనా అంటే, కోనసీమలో పచ్చగా లేనిది ఏముందని అడగండి. సెకండ్‌హ్యాండ్ కారు కొంటుంటే, 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదారి 25 లక్షల క్యూసెక్కులు దాటిన వారం ఈ బండి ఎక్కడుందని అడగడం మర్యాద కాదు. లంకల్లో ఇళ్ళే మునిగాయి, కారు గురించి ఏం అడుగుతాం? సీటు కింద తివాచీ ఎత్తితే ఒండ్రు కనిపించింది అనుకోండి, గోదారమ్మ ప్రసాదం.

ఎలకల విషయంలో నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. బండిని రాత్రిళ్ళు గడ్డిమేటు పక్కనే పెట్టండి. పెందలాడే వచ్చి ఇంజిన్ వెచ్చదనంలో పడుకుని, కాలక్షేపానికి వైరింగ్ కొరుక్కుంటాయి. మీరు కొత్త కారు కొన్నప్పుడు అయినవిల్లి తీసుకెళ్ళి పూజ చేయించారా లేదా? మీ వాహనాన్ని వినాయకుడికి చూపించి వచ్చారు, ఆయన వాహనం మీ వాహనంలో కాపురం పెట్టింది. రాకపోకలన్నాక ఉంటాయి. బానెట్ ఎత్తి వాటిని ఇబ్బంది పెట్టకండి.

బ్యాటరీ టెర్మినల్ పీకి పది నిమిషాలాగి మళ్ళీ పెట్టడం సర్వరోగ నివారిణి. నాకు ఈ సలహా పంటు మీద ముగ్గురు, పెళ్ళిలో ఒకరు, క్షౌరశాలలో ఒకరు చెప్పారు. దీపం ఆరిపోతుంది, నిజమే. కోడ్‌తోపాటు ఆ తప్పు జరిగినప్పుడు వేగమెంత, ఇంజిన్ వేడెంత అని కంప్యూటర్ రాసిపెట్టుకున్న చీటీ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. దొంగ పడ్డ ఇంట్లో పోలీసులొచ్చేలోగా కళ్ళాపి జల్లి ముగ్గేసినట్టు శుభ్రంగా ఉంటుంది. చాలా కార్లు రేకు ఎక్కడ ఆపుకోవాలో నేర్చుకున్నది కూడా మర్చిపోయి, ఐడిలింగ్‌లో పూనకం వచ్చినట్టు ఊగుతాయి. అది కొత్త రోగం, దానికి కొత్త సలహాలుంటాయి.

థ్రాటిల్ శుభ్రం చేయడానికి కొబ్బరి పీచుని మించింది లేదు. రేకు చుట్టూ మసి పడితే మెత్తటి గుడ్డకి క్లీనర్ తడిపి తుడవాలని, రేకు అంచున కంపెనీవాళ్ళు వేసిన పూత ఉండవచ్చు గనక గీరకూడదని కొందరు చాదస్తులంటారు. ఇత్తడి బిందెలు తోమిన చేతులండీ మనవి. ఇంత పీచు, ఇంత చింతపండు. రేకు బిగుసుకుంటే స్క్రూడ్రైవర్‌తో పొడవండి, లోపల ప్లాస్టిక్ పళ్ళు విరిగిన చప్పుడు ముచ్చటగా ఉంటుంది. ఇదంతా తాళం ఆన్‌లో ఉంచి చేస్తే, మోటారుకి ఇంకా ప్రాణం ఉందో లేదో మీ వేలే చెబుతుంది.

పంటు మీద ఒకాయన, బొగ్గురంగు కళ్ళద్దాలవారు, "కంప్యూటర్ కార్లు వాటంతటవే లగెత్తేస్తాయంట బావగారూ, అమెరికాలో అయింది" అన్నారు. అయింది. 2009 ఆగస్టులో శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్ కారు ఆగకుండా పోయి నలుగురు చనిపోయారు. మరో మోడల్‌కి చెందిన రబ్బరు మ్యాట్ అందులో వేసి, బిగించకుండా వదిలేశారు. పెడల్ దానిలో ఇరుక్కుంది. టయోటా లక్షల కార్లు వెనక్కి పిలిచింది. అక్కడి ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ సంగతి తేల్చమని నాసా ఇంజినీర్లని పిలిచింది. కొన్ని పెడల్ సెన్సార్లలో వెంట్రుక కన్నా సన్నటి తగరపు మీసాలు మొలవడం కూడా వాళ్ళు చూశారు. కానీ కారు ప్రమాదకరంగా పరుగెత్తడానికి ఎలక్ట్రానిక్స్ కారణమన్న ఆధారం దొరకలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. ఇక మిగిలినవి మ్యాటూ, తిరిగి పైకి లేవకుండా మొరాయించే పెడలూ, బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కే కాలూ. ఇది చదివాక నేను మా కారులో రబ్బరు మ్యాట్ మీద వేసుకున్న పీచు పట్టా తీసేశాను. ఈ ఒక్క విషయంలో మీరు నన్ను అనుసరించినా నాకేం అభ్యంతరం లేదు.

తర్వాతి కథ చెప్పకూడదు గానీ చెబుతాను. అదే షెడ్డులో పానాలు అందించే కుర్రాడు, మేస్త్రి భోజనానికి వెళ్ళినప్పుడు, స్కానర్లో అంకెలు కదులుతుండగా థ్రాటిల్ వైరుని అటూ ఇటూ కదిపాడు. కదిపినప్పుడల్లా ఒక సాక్షి మాట తడబడింది. కప్లర్ పీకి చూస్తే ఒక పిన్ను పచ్చగా ఉంది. పాత పళ్ళ బ్రష్షుతో, కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, పిన్ను బిగించి పెట్టేశాడు. దీపం ఆరింది. టీకి డబ్బులిస్తే "వద్దులెండి బాబాయ్‌గారూ" అన్నాడు. ఇలాంటివాళ్ళ వల్లే వృత్తులు పాడైపోతున్నాయి. పాత థ్రాటిల్ బాడీ ఏ లోపమూ లేకుండా మా మావయ్యగారి బల్ల మీద, ధాన్యం లెక్కల కాగితాలు ఎగిరిపోకుండా, ఇప్పటికీ ఉద్యోగం చేస్తోంది.

నిన్న పి.గన్నవరం నుంచి వస్తుంటే పసుపు దీపం మళ్ళీ వెలిగింది. ఈసారి నేనెవర్నీ అడగలేదు. మా ఆవిడ అద్దానికి అంటించిన బొట్టుబిళ్ళ ఒకటి తెచ్చి దాని మీద అతికించాను, ఎర్రది, కొంచెం పెద్ద సైజు. ఏబీఎస్ దీపానికి, ఎయిర్‌బ్యాగ్ దీపానికి అంతకుముందే ఉన్నాయి. రాత్రిపూట తాళం తిప్పితే మా డాష్‌బోర్డు పేరంటానికి బయల్దేరిన ముత్తయిదువలా కళకళలాడుతోంది.