టేకు తట్టే పెద్దమనిషి

ఎవరింటికి వెళ్లినా ఆయన ముందు పలకరించేది మనుషుల్ని కాదు. చెప్పులు విడిచి లోపలికి వస్తూనే డైనింగ్ టేబుల్ దగ్గరికి నడుస్తాడు. చూపుడువేలు మడిచి కణుపుతో రెండుసార్లు తడతాడు. చెవి కాస్త వంచుతాడు. అప్పుడు అడుగుతాడు:

"టేకేనా అల్లుడూ?"

అల్లుడు అవునంటాడు. షాపువాడు అలాగే చెప్పాడు మరి. ఆయన కాదనడు. "ఊఁ" అంటాడు, అంతే. ఆ ఒక్క "ఊఁ"తో నలభై వేల బల్ల పదిహేను వేలకు దిగిపోతుంది. మంచినీళ్లు పట్టుకొచ్చిన అమ్మాయి మొహం కూడా దాంతోపాటే దిగుతుంది.

ఇలాంటి పెద్దమనిషి మన కుటుంబాల్లో ఎక్కడో ఒకచోట తప్పకుండా తగులుతాడు. ఒకప్పుడు సొంతిల్లు కట్టించి ఉంటాడు. గుమ్మాలకీ తలుపులకీ మేస్త్రీని వెంటబెట్టుకుని కలప అడితికి వెళ్లి, దుంగ కోస్తుంటే దగ్గర నిలబడి ఉంటాడు. ఆ ఒక్క పూట చదువు జన్మకంతా సరిపోయింది. ఇక రాజమండ్రి వైపు మనిషైతే మరీ కష్టం. గోదావరి మీద దుంగల్ని తెప్పలు కట్టి దింపిన రోజుల దగ్గర మొదలుపెడతాడు. విస్తట్లో అన్నం చల్లారిపోతుంది.

నవ్వుకుందామంటే ఒక చిక్కుంది: ఆయన చెప్పేది చాలావరకు నిజం. తట్టడం ఉత్త ఆర్భాటం, చూసేవాళ్ల కోసం. అసలు పరీక్ష ఆ తర్వాత, మోకాళ్లు పట్టుకుని వంగి బల్ల అడుగుభాగం చూసేటప్పుడు జరుగుతుంది. పైన కనిపించే టేకు గీతలు అర మిల్లీమీటరు మందం వెనీర్‌వి కావచ్చు. దాని కింద ప్లైవుడ్డో, చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డో ఉంటుంది. నికార్సయిన చెక్కయితే పైనున్న గీత అంచు మీదుగా కిందికి సాగాలి, కోసిన కొసన వలయాల ముక్కలు కనపడాలి. పాలిష్ తగలని చోట ముక్కు పెడితే తోలు వాసన లాంటిది రావాలి. టేకులో సహజంగా ఉండే నూనెల వల్ల చెదలు దాని జోలికి అంత సులువుగా రావు. అందులోని సిలికా వల్ల వడ్రంగి రంపం తొందరగా మొద్దుబారుతుంది. ఇదంతా ఆయన బల్ల కింద నుంచే చెబుతాడు. వినేవాళ్లకు కనిపించేది వీపు మాత్రమే.

మేనకోడలు ఆన్‌లైన్లో తెప్పించిన బల్ల అట్టపెట్టెలో ముక్కలుగా వచ్చిన రోజు చూడాలి. పెట్టెలో మరల పొట్లం, వంకర తాళంచెవి లాంటి ఇనుప ముక్క. "బల్లకి తాళం కూడానా?" అన్నాడు. అది రబ్బరు చెక్క. కేరళ తోటల్లో పాతిక ముప్ఫై ఏళ్లు పాలిచ్చి దిగుబడి తగ్గిన చెట్లను కొట్టేస్తారు. ఒకప్పుడవి ఎక్కువగా వంటచెరకుకూ పెట్టెల తయారీకీ పోయేవి. ఇప్పుడు బోరాన్ లవణాలతో పురుగు పట్టకుండా శుద్ధి చేసి, ఆరబెట్టి సామాను చేస్తున్నారు. పనికిరాదనుకున్న చెట్టుకు పని దొరకడం మంచిదే కదా అంటే, "పాలివ్వడం మానేశాక మళ్లీ ఉద్యోగమా?" అని పెదవి విరిచాడు. రిటైరయ్యాక ఒక ప్రైవేటు కాలేజీలో చేరి పాఠాలు చెబుతున్న మనిషే ఈ మాట అన్నాడు.

టిఫిన్ హోటల్లో ఆయన పక్కన కూర్చుంటే ఇడ్లీ వచ్చే లోపల ఇంకో కార్యక్రమం ఉంటుంది. బల్లను రెండు చేతులతో పట్టి ఊపుతాడు. ఊగిందా, జేబులోంచి పాత పెళ్లి శుభలేఖ తీసి, నాలుగు మడతలు పెట్టి కాలి కింద దూరుస్తాడు. ఎవరి పెళ్లో మాత్రం చూసుకోడు. ఒకసారి లెక్కల లెక్చరర్ అయిన తమ్ముడి కొడుకు అడ్డుపడ్డాడు. "కాగితం అక్కర్లేదు పెదనాన్నా, బల్లను ఉన్నచోటే కాస్త తిప్పు చాలు." నాలుగు కాళ్లూ సమానమై చదరంగా అమరి ఉంటే, నేల మరీ గోతులమయం కాకపోతే, పావు చుట్టు లోపలే నాలుగు కాళ్లూ ఆనే చోటు తప్పక దొరుకుతుందని గణితం. మార్టిన్ గార్డ్‌నర్ 1970లలో తన లెక్కల శీర్షికలో దీన్ని జనానికి పరిచయం చేశాడు. పెద్దాయన అనుమానంగా తిప్పాడు. ఊపు ఆగింది. అయితే బల్ల చూరులా వాలింది, కాఫీ సాసర్లోకి జారింది. కాళ్లు ఆనతాయనే తప్ప పైభాగం సమంగా ఉంటుందని ఆ సిద్ధాంతం మాట ఇవ్వలేదు. ఆయన శుభలేఖ మళ్లీ తీశాడు.

"మూడు కాళ్లయితే ఏ గొడవా లేదు," అన్నాడు కుర్రాడు, ఓటమి ఒప్పుకోలేక. అది కూడా నిజమే. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలం మీద ఉంటాయి. కొండరాళ్ల మీద కెమెరా నిలబెట్టే ఫొటోగ్రాఫర్ల స్టాండుకు మూడే కాళ్లుండటం అందుకే.

పెళ్లిళ్లలో ఆయన విద్య వికసిస్తుంది. ఫంక్షన్ హాల్లో శాటిన్ కుచ్చుల ముసుగు ఎత్తి చూస్తాడు: మడత ఇనుప స్టాండ్ల మీద ప్లైవుడ్ పలక, పైన రోల్ కాగితం. రెండు పలకలు కలిసేచోట చచ్చినా కూర్చోడు. ఆకు మీద నీళ్లు చిలకరించడం అందరూ చేసేదే. ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూసేది ఆయనొక్కడే. పల్లం తేలగానే ఆ వైపు అన్నంతో గట్టు కట్టి, అప్పుడు చారు పోయమంటాడు. పక్కాయన పట్టుచొక్కా మీదికి రసం పారుతున్నప్పుడు "ముందే చెప్పొచ్చు కదా బావగారూ" అంటే, "మీరడగలేదు" అంటాడు.

మగపెళ్లివారికి వేరే బల్ల వేయలేదని ఒకచోట అలకలు మొదలైతే, ఆయన పారిస్ కథ ఎత్తుకున్నాడు. 1968 చివర్లో వియత్నాం శాంతి చర్చలకు ఏ ఆకారం బల్ల వేయాలన్న దానిమీదే వారాల తరబడి తగువు నడిచింది. అటు యుద్ధం సాగుతూనే ఉంది. 1969 జనవరిలో ఒక గుండ్రటి బల్ల, దానికి అటూ ఇటూ విడిగా రెండు చిన్న బల్లలు వేసి గట్టెక్కారు. "బల్లలు వేశాకైనా యుద్ధం ఆగిందా?" అని వియ్యంకుడు నిలదీశాడు. ఆగలేదు. ఆయన కూడా అక్కడితో ఆగి పెరుగు వడ్డించమన్నాడు.

ఆయన ఇంట్లో ఉన్నది మాత్రం అసలు సిసలు టేకు, ఆరు కుర్చీలది. చూడాలంటే ముందు దళసరి ప్లాస్టిక్ షీటు ఎత్తాలి. అది ఎత్తాలంటే బీపీ మాత్రల డబ్బా, ఆవకాయ జాడీ, కరెంటు బిల్లులు, ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు, మనవడి సైన్సు ప్రాజెక్టు దించాలి. దంపతులు సోఫాలో టీవీ ముందు, ఒళ్లో కంచాలు పెట్టుకుని తింటారు. "గీతలు పడతాయట," అంటుంది ఆవిడ, ఇంతకన్నా వివరణ అనవసరమన్నట్టు.

ఈ మధ్య ఆయన పరిధి కొండలకూ పాకింది. అల్లుడు కేప్‌టౌన్ వెళ్లి, టేబుల్ మౌంటెన్ ఫొటో పంపాడు. ఎత్తు 1,086 మీటర్లు, మూడు కిలోమీటర్ల మేర బల్లపరుపు నెత్తి. ఆగ్నేయపు గాలి వీచినప్పుడు దాని అంచుల మీంచి మేఘం కిందికి జారుతుంది. అక్కడివాళ్లు దాన్ని బల్లగుడ్డ అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి నుంచి దక్షిణాకాశాన్ని పరిశీలించిన ఫ్రెంచి ఖగోళవేత్త లకాయ్ ఈ కొండ పేరు ఒక నక్షత్ర మండలానికే పెట్టాడు. ఇవన్నీ అల్లుడు ఫొటో కింద రాశాడు. ఆయన ఫోను మీద స్టీలు స్కేలు ఆనించి చూసి జవాబిచ్చాడు: "కుడివైపు పల్లం." కోట్ల ఏళ్ల కొండ మావయ్యగారూ, అని అల్లుడు మొత్తుకున్నాడు. తీరా చూస్తే కొండ ముందున్న సముద్రం కూడా కుడికే వాలి ఉంది. వంకర ఫోను పట్టుకున్న చేతిది.

అప్పటినుంచి కుటుంబం గ్రూపులో అరకు లోయ వచ్చినా గండికోట వచ్చినా స్కేలు బయటికి వస్తోంది. మొన్న భీమిలి నుంచి మేనకోడలు సూర్యోదయం పంపితే, "సముద్రం ఒలికిపోతోంది, సరిచెయ్యమ్మా" అని రాశాడు. ఆ పిల్ల ఓపిగ్గా ఫొటోను తిప్పి అడ్డగీత సరిచేసింది. అలా తిప్పితే అంచులు తెగుతాయి. కుడి అంచున నిలబడి ఉన్న బాబాయి అందులో పోయాడు. సముద్రం ఇప్పుడు నిఖార్సుగా సమంగా ఉంది. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. బాబాయి గ్రూపులో ఇంకా నోరు విప్పలేదు.