నా పేరు ఫొటోలు-1

నేను హార్డ్ డిస్కును. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, ఒక తెలుగువారింట్లో, కంప్యూటర్ బల్ల మీద నా కాపురం. తెనాలి నుంచి వచ్చి మొదట ఎడిసన్‌లో, తర్వాత డాలస్‌లో ఉండి, చివరికి ఇక్కడ ఇల్లు కొనుక్కున్న ఒక కుటుంబం బతుకంతా నాలో ఉంది. నా పేరు ఫొటోలు-1. ఆ పేరు నాకెలా వచ్చిందో, వచ్చాక ఆ ఇంట్లో ఏం మారిందో చెబుతాను.

మా వంశం పుట్టింది ఈ చుట్టుపక్కలే, శాన్ హోసేలో. రెనాల్డ్ జాన్సన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఐబీఎం వాళ్లు తయారుచేసి 1956లో లోకానికి చూపించిన రామాక్ మా మూలపురుషుడు. 24 అంగుళాల పళ్లేలు 50 ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ యంత్రం దాదాపు టన్ను బరువుండేది. అంతా కలిపి 50 లక్షల అక్షరాలు దాచేది. ఇవాళ సెల్‌ఫోన్‌తో తీసే ఒక మంచి ఫొటోకి ఆ చోటు చాలీచాలదు.

నేను పుట్టింది థాయిలాండ్‌లో. 2011లో అక్కడ వరదలొచ్చి మా ఫ్యాక్టరీలు మునిగితే ప్రపంచమంతటా హార్డ్ డిస్కుల ధరలు పెరిగిపోయాయి. నాలోని పళ్లేలు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. రాసే, చదివే తల వాటికి తగలకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. తిరుగుతున్నప్పుడు కింద పడేస్తే ఆ తల పళ్లేన్ని గీకేస్తుంది. అక్కడితో నా పని అయిపోయినట్టే.

థాంక్స్‌గివింగ్ అమ్మకాల్లో ఇంటాయన నన్ను కొనుక్కొచ్చాడు. పెట్టె మీద 4 టెరాబైట్లని ఉంటే కంప్యూటర్ 3.63 అని చూపించింది. ఇంటావిడ మోసపోయామనుకుంది. మోసమేమీ లేదు. మమ్మల్ని తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కిస్తే, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. చోటు అంతే, కొలమానాలే వేరు.

ఆ బల్ల సొరుగులో అప్పటికే నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. ఊరు మారినప్పుడల్లా ఒకటి కొన్నారు. ఒకదాని పేరు బ్యాకప్, ఇంకోదాని పేరు బ్యాకప్ 2, మరోటి బ్యాకప్ ఫైనల్. మిగతావాటికి ఫ్యాక్టరీ పెట్టిన పేరే. లోపల న్యూ ఫోల్డర్లు, వాటిలో మళ్లీ న్యూ ఫోల్డర్లు. ఫొటోలకి కెమెరా తానే వేసిన వరస నంబర్లు. ఆ నంబరు 9999 దాటితే మళ్లీ 0001కి వస్తుంది కాబట్టి, ఒకే పేరుతో రెండు వేరు వేరు ఫొటోలుంటాయి. కాపీ చేసేటప్పుడు పాతదాని మీద కొత్తది రాయమంటే పాతది పోతుంది.

నేనొచ్చిన ఏడాదే తెనాలిలో అమ్మమ్మ పోయింది. ఇంటి అమ్మాయి పుట్టినప్పుడు పురుడు పోయడానికి ఎడిసన్ వచ్చి ఆరు నెలలున్న మనిషి ఆవిడ. మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని పాడుతుంటే తీసిన వీడియో కోసం సొరుగంతా వెతికారు. ఒక పాత డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. పళ్లెం గీసుకుపోయిందని రికవరీ చేసేవాళ్లు తిప్పి పంపారు. మిగతా డిస్కుల్లో చూస్తే, ఎప్పుడో దించుకున్న సినిమాలు మూడేసి కాపీలున్నాయి. అమ్మమ్మ వీడియోకి మాత్రం ఒక్క కాపీ కూడా లేదు. పేర్లు లేని చోట జరిగేది ఇదే. దేన్ని రెండుసార్లు దాచామో, దేన్ని ఒక్కసారి కూడా దాచలేదో తెలియదు. డిస్కు చెడిపోవడం సహజం, మేమెవరమూ శాశ్వతం కాదు. దానిలో ఏముందో ఎవరికీ తెలియకపోవడమే అసలు నష్టం.

ఆ తర్వాతి వేసవిలో తాతయ్య వచ్చాడు. ఇంటాయన తండ్రి, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మనవరాలూ ఆయనా కలిసి సొరుగు ముందేసుకుని కూర్చున్నారు.

ముందు నా వంతు. విండోస్ మాకిచ్చే ఇంగ్లీషు అక్షరాల సంగతి తేల్చారు. ఏ, బీ ఫ్లాపీలవి. 1983లో హార్డ్ డిస్కుతో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీ నాటినుంచీ సీ మాది. ఆ తర్వాతి అక్షరాలు రిజర్వేషన్ లేని పెట్టెలో సీట్లలాంటివి, ఎవరు ముందెక్కితే వారివి. నిన్న ఈగా ఉన్నదాన్ని ఇవాళ ఎఫ్ అయ్యేదాన్ని. ఫొటోల ప్రోగ్రాం పాత అక్షరం కోసం వెతికి, ఫైళ్లు కనబడటం లేదనేది. ఇంటాయన డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి నాకు పీ అక్షరం ఖాయం చేశాడు. కానీ ఆ అక్షరం ఆ కంప్యూటర్ గుర్తుపెట్టుకునేది. అమ్మాయి మ్యాక్‌లో అక్షరాలే ఉండవు. నేను ఎక్కడికెళ్లినా నాతో వచ్చేది నాకు పెట్టిన పేరొక్కటే.

ఆ పేరు తాతయ్య తెలుగులోనే ఉండాలన్నాడు. విండోస్, మ్యాక్ రెండూ చదవాలి, రాయాలి కాబట్టి నన్ను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేశారు. ఆ పద్ధతిలో పేరు 11 అక్షరాలు దాటకూడదు. తాతయ్య “ఫొటోలు-ఇల్లు” అని పెట్టమన్నాడు. కంప్యూటర్ ఒప్పుకోలేదు.

“రెండు చిన్న మాటలేగా తల్లీ, ఎందుకు పట్టదు?”

“గుణింతం గుర్తుని విడిగా లెక్కపెడుతుంది తాతయ్యా. ఫ ఒకటి, ఒత్వం ఒకటి. ఇల్లులో వత్తుకి రెండు. గీతతో కలిపి పన్నెండయ్యాయి.”

తాతయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకుని తలూపాడు. అలా నేను ఫొటోలు-1 అయ్యాను. ఎనిమిదితో సరిపోయింది. అదే పేరు తెల్లచీటీ మీద రాసి, కొన్న ఏడాది కూడా వేసి నా ఒంటికి అంటించాడు.

తర్వాత ఫోల్డర్లు. “03-04-12” అని ఒకటుంది. అమ్మాయి మార్చి 4 అంది, తాతయ్య ఏప్రిల్ 3 అన్నాడు. అమెరికాలో నెల ముందు, మన దగ్గర తేదీ ముందు. ఫొటోలోపల కెమెరా దాచిన తేదీ చూస్తే మార్చి 4, ఎడిసన్‌లో అక్షరాభ్యాసం. ఇక గొడవ లేకుండా ముందు ఏడు, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆపైన ఊరు, సందర్భం రాసుకోవాలని నియమం పెట్టుకున్నారు. “2012-03-04 ఎడిసన్ అక్షరాభ్యాసం.” అలా రాస్తే ఫోల్డర్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి.

సొరుగులోని పుస్తకాల డిస్కు పని మొత్తం తాతయ్యదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి కార్నెగీ మెలన్‌లో ఆచార్యుడై 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి చొరవతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. అందులో స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ఆ డిస్కులోవి అక్కడి నుంచి దించుకున్నవే. కాకపోతే ఫైలు పేర్లలో అంకెలే ఉంటాయి, లేదంటే రోమన్ లిపిలో తప్పుల తడకలు. తాతయ్య ఒక్కొక్కటీ తెరిచి, ముఖపత్రం చూసి, “సురవరం ప్రతాపరెడ్డి - ఆంధ్రుల సాంఘిక చరిత్ర” అని పేరు మార్చుకుంటూ పోయాడు. దించుకున్నప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ కనబడని పుస్తకం ఆ పూటే చేతికందింది. తన సొంత వ్యాసాలు ఒకప్పుడు గుంటూరులో అను ఫాంట్లతో టైపు చేయించినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అవి ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా కనబడ్డాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్పించి, పక్కన పీడీఎఫ్ కూడా పెట్టించాడు. పేరు చదవగలిగితే చాలదు, లోపలున్నది కూడా రేపటి యంత్రం చదవగలగాలి.

నాకిప్పుడు ఒక తోడు ఉంది, ఫొటోలు-2. నాలో ఉన్నదంతా దానిలోనూ ఉంటుంది. అది శాక్రమెంటోలో ఇంటావిడ తమ్ముడి ఇంట్లో ఉంటుంది. ఫ్రీమాంట్ మధ్యనుంచే హేవర్డ్ భూకంప రేఖ వెళుతోంది. రెండు కాపీలు ఒకే బల్ల మీద ఉంచితే రెండూ ఒకేసారి పోవచ్చు. ఏ డిస్కులో ఏముందో రాసిన నోటుపుస్తకం పూజగది పక్క అల్మారాలో ఉంటుంది. అది ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఇది చదువుతున్న మీ ఇంట్లోనూ ఇలాంటి సొరుగు ఉండే ఉంటుంది. దాన్ని ఈ ఆదివారమే తెరవండి. ప్రతి డిస్కుకీ పేరు పెట్టండి, అదే పేరు చీటీ మీద రాసి అంటించండి. మళ్లీ తీయలేని వాటికి, ముఖ్యంగా పెద్దవాళ్ల గొంతులకి, రెండో కాపీ తీసి వేరే ఇంట్లో దాచండి. మీకొక్కరికే అర్థమయ్యే పేర్లు పెట్టకండి. ఏదో ఒకరోజు ఆ డిస్కును మీ పిల్లలు తెరవాల్సి వస్తుంది. వాళ్లకి తెలిసే పేరు పెట్టండి.